గోల చెయ్యని బెరిల్

బెరిల్ పాడ్‌ఫీల్డ్‌కి భయం ఎక్కువ. ఆ మాట మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు, ఆవిడ ఎదురుగానే చెబుతారు. గాలి గట్టిగా వీస్తే కప్పు మీది పొగగొట్టం కూలుతుందని భయం. బస్సెక్కాక పొయ్యి ఆపానో లేదోనని భయం. నది పొంగుతుందని ఇంకో భయం, ఇల్లు చూస్తే కొండ మీద. అలాంటి మనిషిని తీసుకెళ్లి బడి ముందు రోడ్డు మీద నిలబెట్టారు. ఒంటి మీద పసుపు కోటు, చేతిలో గుండ్రటి పలక బిగించిన పొడుగాటి కర్ర. పిల్లలు రాగానే నడిరోడ్డు మీదకి వెళ్లి, కర్ర నిలబెట్టి, కార్లను ఆపి వాళ్లను దాటించాలి. భయస్థురాలికి అదేం ఉద్యోగమని నవ్వినవాళ్లు ఉన్నారు. నన్నడిగితే ఆ పనికి భయస్థులే కావాలి. బెరిల్ ఉన్నన్నాళ్లూ ఆ రోడ్డు మీద ఒక్క పిల్లకి మోకాలు కూడా గీరుకోలేదు.

ఆవిడకి ఇంకో గుణం ఉంది. గోల చెయ్యదు. ఇంగ్లండులోని మా బాత్ ఊరివాళ్లందరికీ ఉన్న జబ్బే అది, బెరిల్‌కి కాస్త ముదిరింది. ఒకసారి ఓ పాల వ్యాను చక్రం సరిగ్గా ఆవిడ పాదం మీదకెక్కి ఆగింది. ఆవిడ వంగి కిటికీ అద్దం మీద మెల్లగా తట్టి, "ఏమీ అనుకోకండి, మీ చక్రం కొంచెం నా కాలి మీదుంది" అంది. అతను కంగారుగా వెనక్కి తీశాక "సారీ అండీ, మీకు ఆలస్యం చేశాను" అని, మిగిలిన పిల్లలందరినీ దాటించి, అప్పుడు కుంటుకుంటూ ఆసుపత్రికి వెళ్లింది. మూడు వేళ్లు విరిగాయట. ఈ సంగతి మేం చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం. నవ్వేం గానీ, అందులో నవ్వాల్సింది ఏమైనా ఉందా అని ఎప్పుడూ ఆలోచించలేదు.

మొగుడు క్లిఫ్ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మనిషి. శనివారం సంతలో పళ్ల కొట్టు. "రండమ్మా రండి, పియర్లు! పళ్లు లేని తాతలు కూడా తినొచ్చు!" అని అరిచాడంటే నది అవతల గట్టు మీది కుక్కలు లేచి కూర్చునేవి. పక్కనున్న బెరిల్ మాత్రం చెవుల దాకా ఎర్రబడి, "కాస్త మెల్లగా క్లిఫ్, జనం చూస్తున్నారు" అనేది. "చూడాలనేగా అరుస్తుంట!" అనేవాడు. పిల్లలు లేరు వాళ్లకి. ఒకళ్లు అరవడం, ఇంకొకళ్లు ఊరుకోబెట్టడం, దానితోనే సంసారం నిండుగా ఉండేది.

పోయిన శరదృతువులో ఓ పొద్దున, టీ కప్పు అందుకోబోయి క్లిఫ్ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది, నోరు వంకర పోయింది, మాట ముద్దగా మారింది. కాలు కొంత తిరిగొచ్చింది, కర్రతో నడుస్తాడు. గొంతు మాత్రం సరిగ్గా రాలేదు. మింగింది కడుపులోకి పోవాల్సిన చోట ఊపిరితిత్తుల్లోకి పోయేది. నీళ్లు కూడా. అన్నిటినీ మెత్తగా రుబ్బి, టీలో కూడా ఏదో పొడి కలిపి జావ చేసి, చెంచాతో పెట్టాలి. రోస్టు మాంసం అయినా, బఠాణీలైనా, పుడ్డింగైనా అన్నీ ఒకటే రంగు ముద్ద. అంత నోరున్న మనిషి ఇల్లు దాటి ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు. ఆ ముద్ద మాట జనం విని, తాగొచ్చాడనుకుంటారని సిగ్గు.

చలికాలంలో ఒక ఆదివారం బెరిల్ పెరట్లో దుప్పట్లు ఆరేస్తుంటే, క్లిఫ్ బల్ల మీది టోస్టు ముక్క ఒకటి దొంగిలించి నోట్లో కుక్కుకున్నాడు. ఆవిడ లోపలికి వచ్చేసరికి మనిషి లేచి నిలబడి ఉన్నాడు, మొహం సీసం రంగులో ఉంది, నోరు తెరిచి ఉంది, చప్పుడు లేదు. బడి దగ్గర ఏనాడో నేర్పిన పాఠం చేతులకి గుర్తొచ్చింది. అతన్ని ముందుకి వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి అడుగుభాగంతో దబదబా బాదింది. ముక్క నేల మీద పడింది. క్లిఫ్ దగ్గి దగ్గి ఏడ్చాడు. బెరిల్ ఆ ముక్కని తుడిచి, చెత్తలో పారేసి, చేతులు కడుక్కుని, "దుప్పట్లు వానకి తడుస్తాయేమో" అని బయటికి వెళ్లింది. బయటికెళ్లి దండెం పట్టుకుని నిలబడింది.

ఆ రోజు నుంచి ఆవిడ కళ్లు మొగుడి గొంతు మీదే. కంఠం ముడి పైకి లేచిందా, కిందికి దిగిందా. దిగితే తన ఊపిరి దిగేది. రోజుకు ఎన్ని చెంచాలు తింటే అన్నిసార్లు ఆవిడ చచ్చి బతికేది. ఎవరితోనూ అనలేదు. "ఎలా ఉన్నారు బెరిల్?" అంటే "బానే ఉన్నాం, మీ దయ" అనేది.

ఆసుపత్రి నుంచి మింగడం నేర్పడానికి బెథన్ అనే అమ్మాయి వచ్చేది. వసంతం వచ్చాక ఒక రోజు క్లిఫ్ గొంతు కింద వేళ్లు పెట్టి చూసి, "బాగుపడుతోంది పాడ్‌ఫీల్డ్ గారూ. ఇక మెత్తటి రొట్టె లాంటిది, బాగా నానబెట్టి, చిన్న చిన్న ముక్కలుగా మొదలెట్టొచ్చు. ఏం తినాలనుంది చెప్పండి?" అంది.

"బన్ను," అన్నాడు క్లిఫ్. "మనూరి బన్ను. పెనీకుక్‌లో."

బెరిల్ వెంటనే అడ్డుపడింది. "ఇంటికి తెస్తాలే నేను. ఇక్కడే కూర్చుని తిందువుగాని."

"అక్కడే." ముద్ద మాటే అయినా మొండితనం మాత్రం ఎక్కడికీ పోలేదు. "నలభై ఏళ్లు... వెనక గుమ్మంలో పళ్లు దించా. ఒక్కసారి... ముందు గుమ్మంలోంచి వెళ్తా."

నిజమే. పెనీకుక్ టీ హౌస్ మా ఊళ్లో రాజుల కాలం నుంచీ ఉంది, మేమెవరం వెళ్లం. అది చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకి. మా ఊరి పేరు పెట్టుకున్న బన్నుని మా ఊరివాళ్లే తినరు, అడిగితే "ఎప్పుడో ఒకసారి వెళ్దాంలే" అంటాం. చాలామంది ఆ ఎప్పుడో రాకముందే పోతారు.

బెథన్ కాస్త ఆలోచించి, "లోపలి మెత్తటి భాగం ఒక్కటే. టీలో నానాలి. పైన చల్లిన పంచదార పలుకులు వద్దు, ఎండుద్రాక్ష వద్దు, కింద దాచిపెట్టే ఆ పంచదార గడ్డ అసలే వద్దు. గడ్డం దించి మింగాలి, ఒక్కో ముద్దకీ రెండుసార్లు మింగాలి, తినేటప్పుడు మాటలొద్దు" అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర బెరిల్‌తో మెల్లగా, "దగ్గుతుంటే భయపడకండి, దగ్గేవాళ్లకి ఊపిరి ఉన్నట్టే. చప్పుడు ఆగిపోతేనే భయం" అంది. ధైర్యం చెప్పాననుకుంది పాపం ఆ పిల్ల.

ఆ రాత్రి బెరిల్‌కి నిద్ర లేదు. వెళ్లే రోజు పొద్దున్న రెండుసార్లు పొయ్యి చూసుకుంది, మూడోసారి క్లిఫ్ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

టీ హౌస్ లోపల పైకప్పు చేతికి అందేంత ఎత్తులో ఉంది, నేల ఒక పక్కకి వాలింది. ఆ కాస్త గదిలో బల్లలు ఎన్ని పట్టాయో అన్నీ ఇరికించారు. మూలలో ఇరుకు మెట్లు నేలమాళిగలోకి దిగుతాయి, మరుగుదొడ్లు అక్కడే. వాళ్లకి ఆ మెట్ల పక్క బల్లే దొరికింది. జనం నిండుగా ఉన్నా గది నిశ్శబ్దంగా ఉంది, చెంచాలు కప్పులకి తగలకుండా కలుపుతున్నారు. పక్క బల్ల దగ్గర నీలం టోపీ పెట్టుకున్న పెద్దావిడ వీళ్లని చూసి ఒకసారి నవ్వి, మర్యాదగా చూపు తిప్పుకుంది.

"ఏం తీసుకుంటారు బంగారం?" అంది వడ్డించే లొరైన్. మా ఊళ్లో ఎవరైనా ఎవరికైనా బంగారమే.

బెరిల్ ఆర్డరిచ్చింది. లొరైన్ అతని వంక చూసి, బెరిల్‌నే "సార్‌కి పాలు పోయమంటారా?" అని అడిగింది. క్లిఫ్ తల వంచుకున్నాడు.

బన్ను వచ్చింది. వెచ్చగా ఉంది, పళ్లెం నిండా ఉంది, పైన పంచదార పలుకులు తెల్లగా మెరుస్తున్నాయి. వెన్న, పాలు కలిసిన కమ్మటి వాసన. క్లిఫ్ కళ్లు మూసుకుని ఆ వాసన పీల్చాడు. బెరిల్ పని మొదలెట్టింది. పైపెంకు మొత్తం ఒలిచేసింది. పంచదార పలుకుల్ని గోటితో గీకింది. ఎండుద్రాక్షల్ని ఒక్కొక్కటీ ఏరింది. అడుగున పాకంలో మెత్తబడినట్టు పైకి కనిపించే పంచదార గడ్డ ఉంది, దాన్ని చుట్టూ ఉన్న గట్టి ముక్కతో సహా కత్తిరించి తీసింది. ఏరిందంతా పళ్లెం చివర కుప్ప అయింది. తిండి పారెయ్యడం ఆవిడకి చేతకాదు. ఆ కుప్పని తనే తినడం మొదలెట్టింది, ఏం తింటోందో చూసుకోకుండా, కళ్లు క్లిఫ్ గొంతు మీద పెట్టి.

మొదటి ముక్క టీలో ముంచి ఇచ్చింది. క్లిఫ్ నోట్లో పెట్టుకున్నాడు. గడ్డం దించాడు. కంఠం ముడి లేచింది. అక్కడే ఆగింది. బెరిల్ బల్ల అంచుని పట్టుకుంది. ఆ క్షణంలో ఎవరైనా ఆవిడని పేరు పెట్టి పిలిచినా వినపడేది కాదు. ముడి దిగింది. మళ్లీ లేచి దిగింది. రెండుసార్లు.

క్లిఫ్ ఆవిడ వంక చూశాడు. వంకర పోయిన నోటితో నవ్వాడు. కళ్లల్లో నీళ్లు. "బావుంది బెర్."

"మాటలొద్దు," అంది ఆవిడ. తన కళ్లల్లోనూ నీళ్లే.

రెండో ముక్క దిగింది. మూడోది దిగింది. బెరిల్ భయం తగ్గలేదు, పెరిగింది. ఇప్పటిదాకా బాగానే ఉందంటే తర్వాతి ముక్కకే ప్రమాదమని ఆవిడ లెక్క. అలా భయపడుతూనే పళ్లెం చివరి పెంకులు నములుతోంది. అప్పుడు క్లిఫ్‌కి ధైర్యం వచ్చి, ఆవిడ ఇవ్వకుండానే ఎడం చేత్తో పెద్ద ముక్క చించి నోటి దగ్గరకి తీసుకెళ్లాడు. ఆవిడ నోట్లో అప్పుడే అడుగుముక్క, మధ్యలో గడ్డతో సహా ఉంది. "క్లిఫ్, అంత పెద్దది—" అనబోయింది. అనబోతూ ఊపిరి లోపలికి లాగింది.

ముక్క ఊపిరితో పాటే వెళ్లింది. వెళ్లి నిలబడిపోయింది.

దగ్గు రాలేదు. గాలి లోపలికీ లేదు, బయటికీ లేదు. ఎవరో గొంతు లోపల తలుపేసి గడియ పెట్టేశారు. చప్పుడు ఆగిపోతేనే భయమని ఆ పిల్ల అన్న మాట చెవిలో మోగింది. ఇంత తెలిసిన మనిషి, ఒకరి ప్రాణం చేతులారా లాగి నిలబెట్టిన మనిషి, అప్పుడు ఏం చేసిందో చెబితే మా ఊరు కానివాళ్లు నమ్మరు. జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నీలం టోపీ ఆవిడ వంక చూసి, ఇబ్బంది పెట్టినందుకు క్షమించమన్నట్టు నవ్వింది. చేతిసంచీ తీసుకుంది. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, లేచి, మరుగుదొడ్డి మెట్ల వైపు నడిచింది. నలుగురు టీ తాగుతున్నచోట నోరు తెరుచుకుని గిలగిల్లాడటం బాగుండదు కదా. కింద, ఎవరూ లేనిచోట, తలుపేసుకుని దగ్గుదామనుకుంది.

మొదటి మెట్టు మీద కాలు పెట్టాక తెలిసింది ఆవిడకి. కింద ఎవరూ లేరు. ఎవరూ రారు. క్లిఫ్ ఈ మెట్లు దిగలేడు. కళ్ల ముందు గోడ మసకబారింది, చెవుల్లో హోరు. చచ్చిపోతున్నాను అనుకుంది. అంతకన్నా భయం వేసిందేమిటంటే, పైన అతని నోట్లో ఆ పెద్ద ముక్క ఉంది, చూసేవాళ్లు లేరు. వెనక్కి తిరుగుదామని గోడ పట్టుకుంది.

"బెర్!"

ఆ కేకకి గదిలోని పింగాణీ అంతా అదిరింది. సంతలో వినపడే కేకే, కానీ ఏ మాటో ఎవరికీ తెలియని ముద్ద కేక. క్లిఫ్ నోట్లోది బల్ల మీద ఊసేసి లేచాడు. లేవడంలో బల్ల వాలి టీ కెటిల్ నేల మీద పగిలింది. కర్ర మర్చిపోయాడు. కుర్చీల వీపులు పట్టుకుని కాలీడుస్తూ వచ్చాడు. గదిలో అందరూ ఒక్కసారిగా తమ కప్పుల్లోకి చూసుకోసాగారు. ఒకాయన తన కేకు ముక్కని మరీ శ్రద్ధగా కోస్తున్నాడు. ముసలాయన ఎవరో తాగొచ్చి గొడవ చేస్తున్నాడు, చూస్తే బాగుండదు.

క్లిఫ్ ఎడం చెయ్యి బెరిల్ స్వెట్టరు వెనక భాగం దొరకబుచ్చుకుని పైకి లాగింది. ఆవిడని గోడకి వంచి, అదే చేత్తో వీపు మీద బాదాడు. ఒకటి. రెండు.

లొరైన్ ట్రే పడేసి పరుగెత్తుకొచ్చింది. "సార్! ఏంటిది సార్! ఆవిడని కొడతారేంటి!" అని క్లిఫ్ చెయ్యి ఒడిసి పట్టుకుంది.

"ఊ... ఊపి..." క్లిఫ్ నోట్లో మాట ముద్దయిపోయింది.

"ముందు మీరు కూర్చోండి సార్. తర్వాత మాట్లాడదాం."

బెరిల్ ఓ పక్కకి తిరిగి లొరైన్‌ని చూసింది. అప్పుడు కూడా, మీరే చెప్పండి, ఆవిడ చెయ్యి పైకి లేచి, ఏమీ లేదు, ఏమీ లేదు అన్నట్టు ఊగింది. అలవాటు. ప్రాణం పోతున్నా అలవాటు పోలేదు.

"ఊపిరి!" క్లిఫ్ అరిచాడు. పక్షవాతం వచ్చాక అంత స్పష్టంగా ఒక్క మాట కూడా పలకలేదు అతను. "ఊపిరి ఆడట్లేదు దానికి! చచ్చిపోతోంది నా పెళ్లాం!"

లొరైన్ అప్పుడు చూసింది బెరిల్ పెదాల వంక. నీలం. చెయ్యి వదిలేసింది. "అమ్మో" అని బెరిల్‌ని నడుము దగ్గర పట్టుకుని ముందుకి వంచింది. క్లిఫ్ బాదాడు. మళ్లీ బాదాడు. అతని మొహమంతా చెమటలు, నోటి వంకర వైపు నుంచి చొంగ కారుతోంది, తుడుచుకోలేదు. ఇంకోసారి బాదాడు.

ముక్క మెట్ల మీదకి పడి, దొర్లి, చీకట్లోకి పోయింది. బెరిల్ లోపలికి గాలి ఒక పెద్ద అరుపులా వచ్చింది. జీవితంలో అంత చప్పుడు ఎప్పుడూ చెయ్యలేదు ఆవిడ.

ఎలా తీసుకొచ్చి కూర్చోబెట్టారో ఆవిడకి గుర్తులేదు. చుట్టూ గదిలో మళ్లీ మాటలు మొదలయ్యాయి, కావాలని మొదలెట్టిన మాటలు, వాతావరణం గురించి. ఎవరో పగిలిన కెటిల్ ముక్కలు ఊడ్చేస్తున్నారు. లొరైన్ నీళ్లు తెచ్చింది. ఏమనాలో తెలియక, నోటికి అలవాటైన మాటే అడిగింది. "అంతా బాగుందా బంగారం?"

"బాగుంది, చాలా బాగుంది, థాంక్యూ," అంది బెరిల్.

అనేసి ఆగింది. బొంగురుపోయిన ఆ గొంతు తనదేనా అన్నట్టు చుట్టూ చూసింది. నీలం టోపీ ఆవిడ తన కుర్చీలోంచి సగం లేచి నిలబడి ఉంది, మొహం పాలిపోయి ఉంది.

"నేను చూశానండీ," అంది ఆవిడ. "మీరు లేచినప్పుడే చూశాను. మీ రంగు మారింది. కానీ... తేరిపార చూడటం బాగుండదని... కప్పులోకి చూసుకున్నాను." ఆవిడ పూర్తిగా లేచి నిలబడింది. "క్షమించండి. ఈయన అరవకపోతే నేను ఇంకా కప్పులోకే చూస్తూ ఉండేదాన్ని."

"అయ్యో, పర్వాలేదండీ," అనబోయింది బెరిల్. నోట్లోకి వచ్చిన ఆ మాటని ఆపేసింది.

"లేదు," అంది. "పర్వాలేదు కాదు. చచ్చిపోయేదాన్ని."

ఈసారి ఎవరూ కప్పుల్లోకి చూసుకోలేదు. బెరిల్‌కి ఆపుకోవడం తెలియలేదు. "నాకు భయంగా ఉందండీ," అంది పెద్దగా, ఎవరితోనో ఒకరితో కాకుండా అందరితో. "ఈయన పడిపోయిన రోజు నుంచీ భయంగానే ఉంది. ప్రతి ముద్దకీ భయమే. రాత్రిళ్లు లేచి ఈయన ఊపిరి వింటాను. ఎవరడిగినా బానే ఉన్నాం అన్నాను. బాలేము. అస్సలు బాలేము." బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. లోపల దాచుకుని ఏడ్చే ఏడుపు కాదు. భుజాలు ఎగిరెగిరి పడుతూ, ముక్కు కారుతూ, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది.

క్లిఫ్ ఆవిడని ఊరుకోమనలేదు. ఎడం చెయ్యి ఆవిడ వీపు మీద వేసి ఉంచాడు, తను కొట్టినచోటే. "నాకూ," అన్నాడు. "ఇందాక... నువ్వు మెట్లు దిగుతుంటే. నాకూ భయమేసింది బెర్."

నీలం టోపీ ఆవిడ కుర్చీ చప్పుడు చేస్తూ లాక్కుని వచ్చి బెరిల్ పక్కన కూర్చుంది. కేకు కోస్తున్న ఆయన లేచి వచ్చి, క్లిఫ్ కర్ర తీసి అతని చేతికిచ్చి, వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. ఇద్దరూ కదల్లేదు.

కాసేపటికి ఏడుపు తగ్గింది. క్లిఫ్ వంగి, "ఇంటికి వెళ్దామా?" అని అడిగాడు.

బెరిల్ తలెత్తి అతన్ని చూసింది, చుట్టూ ఉన్నవాళ్లని చూసింది.

"అప్పుడే వద్దు," అంది. "ఇంట్లో మనిద్దరమే ఉంటాం క్లిఫ్."